మోటార్‌సైకిల్ ఎలా మారింది, నడపడం ఎలా మారింది: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా బండి నేర్చుకుంటున్నవాళ్లు, పాత బండ్ల మోజులో పడ్డవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. కిక్కు కొట్టే బండ్లూ, బటన్ నొక్కితే లేచే బండ్లూ రెండూ ఏళ్ల తరబడి నడిపాను కాబట్టి జవాబుల్లో నా ఇష్టాయిష్టాలు కూడా కలిసే ఉంటాయి. మోటార్‌సైకిల్ చరిత్రను వేగం లెక్కలతో కొలవడం నాకు పెద్దగా నచ్చదు. ఒకప్పుడు మనిషి చేతులూ కాళ్లూ చేసిన పనుల్ని బండి ఒక్కొక్కటిగా తన మీద ఎలా వేసుకుందో చూస్తే కథ బాగా అర్థమవుతుంది.

మొట్టమొదటి మోటార్‌సైకిల్ ఏది?

దేన్ని మోటార్‌సైకిల్ అంటారో దాన్నిబట్టి జవాబు మారుతుంది. ఆవిరితో నడిచినా పర్వాలేదంటే 1860ల చివరికే ఫ్రాన్స్‌లోనూ అమెరికాలోనూ అలాంటివి ఉన్నాయి. అమెరికా బండిని తయారుచేసిన సిల్వెస్టర్ రోపర్ ఆ పిచ్చిని జీవితాంతం వదల్లేదు. 1896లో, 72 ఏళ్ల వయసులో, సైకిల్ పందేల ట్రాకు మీద తన ఆవిరి బండిని పరుగెత్తిస్తుండగానే గుండె ఆగి చనిపోయాడు.

పెట్రోలు బండే కావాలంటే 1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ చేసిన బండి. చెక్క చట్రం, చెక్క చక్రాలు, 264 సీసీ ఇంజన్, అర హార్స్‌పవర్, గంటకు సుమారు 12 కిలోమీటర్లు. పక్కకు పడిపోకుండా చిన్నపిల్లల సైకిల్‌కి ఉన్నట్టు రెండు వైపులా బుల్లి చక్రాలు. నిజానికి వాళ్లకు మోటార్‌సైకిల్ మీద ఆసక్తే లేదు. కొత్త ఇంజన్‌ను పరీక్షించడానికి ఏదో ఒక బండి కావాలి, దొరికిన చెక్కతో ఇది చేశారు.

డబ్బిచ్చి కొనుక్కోగలిగిన మొదటి మోటార్‌సైకిల్ 1894లో మ్యూనిక్‌లో వచ్చింది. పేరు హిల్డెబ్రాండ్ అండ్ వోల్ఫ్‌ముల్లర్. 1489 సీసీ ఇంజన్, వచ్చే బలం మాత్రం రెండున్నర హార్స్‌పవరే. రైలింజన్‌లో లాగా పిస్టన్ కడ్డీలు నేరుగా వెనక చక్రాన్నే తిప్పేవి. క్లచ్ లేదు, గేర్లు లేవు. బండి ఆగాలంటే ఇంజనూ ఆగాల్సిందే.

తొలి రోజుల్లో నడపడం నిజంగా అంత కష్టమా?

కష్టం అనడం కన్నా పని ఎక్కువ అనాలి. 1910 ప్రాంతంలో బండి తీయడం ఎలా ఉండేదో ఊహించండి. పెడల్ తొక్కి గానీ, పక్కనే పరుగెత్తి ఇంజన్ అంటుకోగానే ఎగిరి కూర్చుని గానీ బయల్దేరాలి. ఇప్పటిలా మణికట్టుతో తిప్పే ఎక్సలేటర్ చాలా బండ్లకు లేదు. పెట్రోలుకొక చిన్న లివర్, గాలికొక లివర్, స్పార్కు పడే సమయాన్ని ముందుకూ వెనక్కూ జరపడానికి ఇంకో లివర్. ఎత్తు ఎక్కేటప్పుడు స్పార్కును కాస్త ఆలస్యం చేయాలి, చదును రోడ్డు వచ్చాక మళ్లీ ముందుకు జరపాలి. తప్పితే ఇంజన్ టకటకమని కొట్టుకుంటూ నడుస్తుంది.

ఇంజన్‌కి ఆయిల్ కూడా తనంతట తాను అందేది కాదు. ట్యాంకు దగ్గర చేతిపంపు ఉండేది, కొంత దూరం పోయినప్పుడల్లా ఒకసారి నొక్కాలి. ఎక్కువ నొక్కితే ప్లగ్గు మసిబారిపోతుంది, మరిచిపోతే పిస్టన్ పట్టేస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే పొగ లేత నీలంగా ఉందా, అయితే సరిపోయినట్టు. పోసిన ఆయిల్ మళ్లీ వాడకానికి వచ్చేదీ కాదు. కొంత కాలిపోయేది, కొంత రోడ్డు మీద కారిపోయేది.

చీకటి పడితే దీపం వెలిగించాలి, అది కూడా అగ్గిపుల్లతో. కార్బైడ్ ముక్కల మీద నీటిచుక్కలు పడి పుట్టే గ్యాసుతో వెలిగే దీపం అది. అప్పట్లో బండి నడిపేవాడు తప్పనిసరిగా సగం మెకానిక్ అయ్యుండాలి.

ఇంజన్ ఇప్పుడున్న చోటికి ఎప్పుడు వచ్చింది?

1901లో. అంతకుముందు ఎవరికి తోచిన చోట వాళ్లు బిగించారు: ముందు చక్రం పైన, వెనక చక్రం పక్కన, సీటు కింద. పారిస్‌లో ఉన్న వెర్నర్ సోదరులు మొదట ముందు చక్రం పైనే పెట్టి చూశారు. బరువంతా పైన ఉండటంతో తడి రోడ్డు మీద బండి ఇట్టే జారేది. 1901లో దాన్ని కిందికి దించి, సైకిల్‌కి పెడల్స్ ఉండే చోట చట్రంలోనే కలిపేశారు. ఇప్పటికీ ఇంజన్ దాదాపు అక్కడే ఉంది.

బెల్టు పోయి చెయిన్ ఎలా వచ్చింది?

పందేల వల్ల. తోలు బెల్టు మెత్తగా నడుస్తుంది గానీ వాన పడితే జారుతుంది, సాగుతుంది, తెగుతుంది. బ్రిటన్ దగ్గరి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో టీటీ అనే బండ్ల పందేలు 1907లో మొదలయ్యాయి. 1911లో వాటిని సుమారు 60 కిలోమీటర్ల కొండదారికి మార్చారు. ఆ ఏడాది సీనియర్ రేసులో చెయిన్, రెండు గేర్లు ఉన్న, ఇండియన్ అనే అమెరికా కంపెనీ బండ్లు మొదటి మూడు స్థానాలూ పట్టుకుపోయాయి. ఒకే గేరుతో బెల్టు మీద నడిచే బండ్లను సమర్థించినవాళ్లకు ఆ తర్వాత వాదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

చెయిన్‌కీ దాని తలనొప్పులు ఉన్నాయి: శుభ్రం చేయాలి, ఆయిల్ రాయాలి, బిగించాలి. అవి వద్దనుకున్న బీఎండబ్ల్యూ 1923లో ఆర్32 అనే బండికి చెయిన్ బదులు షాఫ్ట్, అంటే తిరిగే ఇనుప కడ్డీ, పెట్టింది. తమాషా ఏమిటంటే పళ్లున్న రబ్బరు బెల్టు రూపంలో ఆ బెల్టు మళ్లీ వచ్చింది, ఇప్పటికీ కొన్ని పెద్ద బండ్లకు ఉంది.

గేరు కుడికాలికి ఉండేదంటారు, నిజమేనా?

నిజమే. ఇంకా వెనక్కి వెళ్తే గేరు అసలు కాలికే లేదు, ట్యాంకు పక్కన చేతికి ఉండేది. ఒక్కో గేరుకు కాలితో ఒక్కో తన్ను చాలునన్న పద్ధతిని 1920ల చివర్లో వెలోసెట్ అనే బ్రిటిష్ కంపెనీ పందేల్లో వాడి చూపించింది. హ్యాండిల్ వదలకుండా గేరు మార్చే వీలు రావడం చిన్న విషయం కాదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బ్రిటిష్ బండ్లకు గేరు కుడివైపు, వెనక బ్రేకు ఎడమవైపు. జపాన్ బండ్లకు తిరగేసి. 1970ల మధ్యలో అమెరికా గేరు ఎడమకాలికే ఉండాలని నిబంధన పెట్టింది. అంత పెద్ద మార్కెట్‌ను వదులుకోలేక మిగతావాళ్లూ అదే దారి పట్టారు. కొన్ని బ్రిటిష్ కంపెనీలు హడావిడిగా కడ్డీలూ లింకులూ బిగించి ఎడమవైపుకు తెచ్చాయి. అలాంటి బండి మీద న్యూట్రల్ వెతకడం ఓ చిన్నపాటి తపస్సు.

కిక్కు కొట్టడం ఎందుకు పోయింది? దానిలో మజా ఉండేది కదా?

మజా అనేవాళ్లలో చాలామంది ఒకే సిలిండర్ ఉన్న పెద్ద ఇంజన్‌ను తెల్లవారుజామున చలిలో లేపినవాళ్లు కారు. పిస్టన్ ఏ స్థానంలో ఉందో చూసుకోవాలి, సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ లివర్ నొక్కి కిక్కును మెల్లగా సరైన చోటికి తేవాలి, అప్పుడు మనసులో సందేహం లేకుండా కొట్టాలి. సగం మనసుతో కొడితే కిక్కు ఎదురు తన్నుతుంది. ఒకసారి నాకు అలా తగిలి వారం రోజులు కుంటుకుంటూ నడిచాను. తప్పు బండిది కాదు, స్పార్కు టైమింగ్ నేనే సరిగా చూసుకోలేదు.

సెల్ఫ్ స్టార్ట్ ఆలోచన చాలా పాతది. 1914లోనే ఇండియన్ ఒక మోడల్‌కు పెట్టి చూసింది. అప్పటి బ్యాటరీలు ఆ భారం మోయలేకపోవడంతో మానుకుంది. అది మామూలు విషయం కావడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. ఆ పని చేసినవాళ్లు జపాన్ వాళ్లు.

జపాన్ బండ్లు వచ్చాక అసలు ఏం మారింది?

బండి కొన్నవాడికి రెంచీతో పని తగ్గింది. నా దృష్టిలో మోటార్‌సైకిల్ చరిత్రలో ఇంతకన్నా పెద్ద మార్పు లేదు.

హోండా 1958లో సూపర్ కబ్ తెచ్చింది. 49 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్. క్లచ్ లివర్ లేదు, గేరు మారిస్తే క్లచ్ తనే పట్టుకుని వదులుతుంది. కాళ్లకు బురద తగలకుండా ముందు ప్లాస్టిక్ రెక్క. బండి గురించి ఏమీ తెలియని మనిషి కూడా ఎక్కి వెళ్లిపోవచ్చు. 2017 నాటికి ఆ కుటుంబం బండ్లు 10 కోట్లు దాటాయి. ప్రపంచంలో ఏ మోటారు వాహనమూ అన్ని తయారుకాలేదు. పెద్ద బండ్ల అభిమానులు దీన్ని లెక్కలోకి తీసుకోరు గానీ, మోటార్‌సైకిల్‌ను మామూలు జనం చేతికి అందించిన బండ్లలో మొదట చెప్పుకోవాల్సింది ఇదే.

1959లో హోండా మొదటిసారి ఐల్ ఆఫ్ మ్యాన్‌కు వెళ్లింది. రెండేళ్లకు, 1961లో, మైక్ హేల్‌వుడ్ అనే రైడర్ హోండాల మీద 125, 250 సీసీ రేసులు రెండూ గెలిచాడు. ట్రయంఫ్‌కు పేరు తెచ్చిన డిజైనర్ ఎడ్వర్డ్ టర్నర్ 1960లో జపాన్ ఫ్యాక్టరీలు చూసొచ్చి, అక్కడి తయారీ స్థాయికి ఆశ్చర్యపోయాడు. అయినా బ్రిటిష్ కంపెనీల్లో చాలామంది ధీమాగానే ఉన్నారు. జపాన్ చిన్న బండితో నేర్చుకున్నవాడు పెద్దయ్యాక మన పెద్ద బండే కొంటాడని వాళ్ల లెక్క.

1969లో సీబీ750 వచ్చి ఆ లెక్క తప్పించింది. వరుసగా నాలుగు సిలిండర్లు, 736 సీసీ, 67 హార్స్‌పవర్, ముందు డిస్క్ బ్రేకు, సెల్ఫ్ స్టార్ట్, గంటకు 200 కిలోమీటర్ల దగ్గర వేగం. ఇవన్నీ మామూలు మనిషి కొనగల బండిలో. పైగా ఆయిల్ కారదు. పాత బ్రిటిష్ ఇంజన్ల పెట్టె నిలువుగా రెండు ముక్కలు, ఆ అతుకు ఆయిల్ నిలిచే చోటి గుండానే పోయేది. జపాన్ ఇంజన్ల పెట్టె అడ్డంగా విడిపోతుంది, అతుకు ఆయిల్ మట్టానికి పైన ఉంటుంది. చూడటానికి ఎంత చిన్న తేడా! ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద మోటార్‌సైకిల్ కంపెనీగా వెలిగిన బీఎస్ఏ 1973కల్లా కుప్పకూలింది.

టూ స్ట్రోక్ బండ్లు ఏమయ్యాయి?

పొగ నిబంధనలు మింగేశాయి. టూ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి చుట్టుకూ ఒకసారి మంట పుడుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి. అందుకే చిన్న ఇంజన్, తక్కువ బరువు, బలం మాత్రం ఎక్కువ. కానీ పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా కాలుతుంది, కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది.

ఆ పోయే పెట్రోలును వెనక్కి తోసే ఉపాయం వెనక ఓ గూఢచారి కథ లాంటిది ఉంది. తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు, సైలెన్సర్ గొట్టాన్ని మధ్యలో ఉబ్బించి చివర సన్నం చేస్తే అందులో ధ్వని తరంగం తిరిగి వచ్చి, బయటికి జారుకుంటున్న పెట్రోలును మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుందని లెక్కగట్టి చూపించాడు. 125 సీసీ ఇంజన్‌లో 25 హార్స్‌పవర్ తెప్పించాడు. 1961లో ఆయన రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి తిరిగి ఇంటికి వెళ్లలేదు. భార్యాపిల్లల్ని కారు డిక్కీలో దాచి పశ్చిమానికి దాటించారు. బెర్లిన్ గోడ లేచి అప్పటికి కొన్ని వారాలే అయింది. డెగ్నర్ తనతో తెచ్చిన విద్యను సుజుకికి ఇచ్చాడు, మరుసటి ఏడాది సుజుకి మీదే 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు రేసుల్లో టూ స్ట్రోక్‌దే రాజ్యం. 2002లో గ్రాండ్ ప్రీ పెద్ద తరగతి 990 సీసీ ఫోర్ స్ట్రోక్‌లకు మారడంతో ఆ రాజ్యం ముగిసింది. ఆ వాసన మాత్రం, తగిలితే, ఇప్పటికీ తల తిప్పి చూస్తాను.

ఆడవాళ్లు బండి నడపడం ఈమధ్యే మొదలైందా?

కాదు. 1916లోనే అగస్టా, అడెలిన్ వాన్ బ్యూరెన్ అనే అక్కాచెల్లెళ్లు చెరో ఇండియన్ బండి మీద అమెరికా ఖండాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి దాటారు. సైన్యంలో వార్తలు మోసే పని ఆడవాళ్లూ చేయగలరని చూపించడం వాళ్ల ఉద్దేశం. దారిలో కొన్ని ఊళ్లలో ప్యాంట్లు వేసుకున్నందుకు పోలీసులు ఆపారు. తిరిగొచ్చాక అడెలిన్ ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. తీసుకోలేదు.

1934లో బ్రిటన్‌లో బియాట్రిస్ షిల్లింగ్ బ్రూక్‌ల్యాండ్స్ ట్రాకు మీద నార్టన్ బండిని గంటకు 100 మైళ్లు దాటించింది. ఆమె వృత్తికి ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఫైటర్ విమానాలు ముక్కు కిందికి దించగానే ఇంజన్ తడబడుతుంటే, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్‌లో ఓ బుల్లి బిళ్ల పెట్టి ఆ తిప్పలు తప్పించింది కూడా ఈమే.

కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ రావడం వల్ల మనకేమిటి లాభం?

ఇంజెక్షన్ అంటే పెట్రోలును కొలిచి ఇంజన్‌కు చిమ్మే పద్ధతి. పొద్దున్నే చోక్ లాగక్కర్లేదు. కొండ ఎక్కితే గాలి పలచబడి బండి ఉక్కిరిబిక్కిరి కాదు, సెన్సర్లు చూసుకుని పెట్రోలు తగ్గిస్తాయి. కవాసాకి 1980లోనే పెద్ద బండికి ఇంజెక్షన్ పెట్టింది గానీ, పొగ నిబంధనలు బిగిసేదాకా చిన్న బండ్లకు రాలేదు. దీంతో పాటే పెట్రోలు ట్యాప్ కూడా మాయమైంది. నడుస్తున్న బండి గుక్కపట్టగానే ఎడమచేయి తనంతట తాను కిందికి పోయి రిజర్వు తిప్పడం ఒక తరానికి అలవాటు. ఇప్పుడు నడిపేవాళ్లకు ఆ సంగతి చెబితే నవ్వుతారు.

బ్రేకుల్లో నిజంగా అంత తేడా ఉందా?

ఉంది. డ్రమ్ బ్రేకు ఒకట్రెండు సార్లు గట్టిగా పట్టేవరకు బాగానే ఉంటుంది. పొడవాటి దిగుడులో వేడెక్కిందంటే లివర్ పూర్తిగా లాగినా బండి తన దారిన తాను పోతుంటుంది. డిస్కు బయటే ఉంటుంది కాబట్టి వేడి గాలికి పోతుంది.

డిస్కు వచ్చాక కొత్త ఇబ్బంది: పట్టు మరీ ఎక్కువ. భయంలో గట్టిగా నొక్కితే చక్రం తిరగడం మానేసి జారుతుంది. కారుకైతే నాలుగు చక్రాలు, నిలబడే ఉంటుంది. బండికి ముందు చక్రం జామ్ అయితే మనం నేల మీద ఉంటాం. బీఎండబ్ల్యూ 1988లో కే100కు ఏబీఎస్ పెట్టింది. చక్రం ఆగబోతోందని తెలియగానే బ్రేకును వదిలి మళ్లీ పట్టడం దాని పని. యూరోపియన్ యూనియన్ 2016 నుంచి 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు తప్పనిసరి చేసింది. మామూలు ఏబీఎస్ నిటారుగా ఉన్న బండిని దృష్టిలో పెట్టుకుని చేసింది. మలుపులో ఎంత వాలి ఉన్నామో కొలిచి దాన్నిబట్టి బ్రేకును సర్దే రకం 2013లో కేటీఎం 1190 అడ్వెంచర్‌తో వచ్చింది.

ఏబీఎస్ లేకుండా నడిపితేనే అసలు నడపడం అనేవాళ్లతో నాకు పడదు. తడి రోడ్డు మీద ఎదురుగా కుక్క వచ్చిన క్షణంలో వాళ్ల వేళ్లు ఎంత నిదానంగా ఉంటాయో చూడాలి.

హెల్మెట్ ఎప్పటినుంచి?

లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935లో తన బ్రౌ సుపీరియర్ బండి మీద వెళ్తూ, సైకిళ్ల మీదున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజుల తర్వాత చనిపోయాడు. చికిత్స చేసిన డాక్టర్లలో ఒకరైన న్యూరోసర్జన్ హ్యూ కెయిర్న్స్ ఆ చావును మరిచిపోలేదు. సైన్యంలో బండి నడిపేవాళ్ల తలగాయాల మీద అధ్యయనం చేసి 1941లో ప్రచురించాడు. సైన్యం హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి ఆ చట్టం బ్రిటన్‌లో 1973లో గానీ రాలేదు. ఆ రెండింటి మధ్య గడిచిన ఏళ్లలో ఎంతమంది పోయారో ఆలోచిస్తే బాధగా ఉంటుంది.

ఒకప్పుడు ఒకే బండి అన్నిటికీ సరిపోయేది కదా, ఇప్పుడెందుకు ఇన్ని రకాలు?

ఆఫీసుకూ, ఊళ్లకూ, ఆదివారం పందేనికీ ఒకే బండి వాడిన రోజులు నిజంగానే ఉన్నాయి. దీపాలు ఊడదీస్తే రేసు బండి. 1980లో బీఎండబ్ల్యూ ఆర్80 జీ/ఎస్‌తో మట్టిరోడ్డుకూ తారురోడ్డుకూ పనికొచ్చే పెద్ద బండి వచ్చింది. 1985లో సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750తో దాదాపు రేసు బండే నంబర్ ప్లేటు తగిలించుకుని రోడ్డెక్కింది. 1999లో హయబుసా అనే బండి గంటకు 300 కిలోమీటర్లు దాటేసరికి ప్రభుత్వాలు ఏమంటాయోనని కంపెనీలే భయపడి, 300 దగ్గర ఆగుదామని తమలో తాము ఒప్పుకున్నాయి. ఏ రకం కొన్నా మనలో చాలామంది చేసేది అదే ఆఫీసు ప్రయాణం.

ఎలక్ట్రానిక్స్ వల్ల నడిపేవాడికి పని లేకుండా పోయిందా?

కొంత పోయింది. ఎక్సలేటర్ తిప్పితే కొన్ని బండ్లలో ఇప్పుడు కేబుల్ కదలదు, మీరు ఎంత అడిగారో కంప్యూటర్‌కు తెలుస్తుంది, ఎంత ఇవ్వాలో అది తేల్చుకుంటుంది. 2020 చివర్లో డుకాటీ మల్టీస్ట్రాడా వీ4 రాడార్‌తో వచ్చింది. ముందున్న వాహనాన్ని చూసి తనే వేగం తగ్గించుకుంటుంది. 200 హార్స్‌పవర్ ఉన్న బండిని ఇవేవీ లేకుండా వానలో నడపమంటే నేను నడపను. నాకు నచ్చనిది ఒక్కటే: ట్యాంకు ముందు సెల్‌ఫోన్ అంత స్క్రీను. రోడ్డు మీద ఉండాల్సిన చూపు దాని మీదికి పోతోంది.

సొంతంగా రిపేరు చేసుకునే రోజులు పోయినట్టేనా?

ప్లగ్గు, చెయిన్, ఆయిల్, బ్రేకు ప్యాడ్లు ఇప్పటికీ మీ చేతిలో పనే. స్పార్కు పుట్టించే పాయింట్ల గ్యాపు చూడటం, కార్బురేటర్ విప్పి కడగడం అవసరం లేకుండా పోయాయి. అయితే పాత బండి పాడైతే దారిలో ఏదో ఒకటి చేసి ఇల్లు చేరేవాళ్లం. కొత్త బండి చాలా అరుదుగా ఆగుతుంది, ఆగిందంటే మాత్రం లారీ ఎక్కాల్సిందే.

ఎలక్ట్రిక్ బండ్లు పెట్రోలు బండ్లను పూర్తిగా తోసేస్తాయా?

ఊళ్లో తిరిగే చిన్న బండ్ల విషయంలో ఆ పని జరుగుతూనే ఉంది. పెద్ద బండ్ల దగ్గర బ్యాటరీ అడ్డుపడుతోంది. 2019లో హార్లీ తెచ్చిన లైవ్‌వైర్ బ్యాటరీ 15.5 కిలోవాట్ అవర్లు. లీటరు పెట్రోలులో సుమారు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. అంటే అంత పెద్ద బ్యాటరీలో రెండు లీటర్ల పెట్రోలంత శక్తి కూడా లేదు. పెట్రోలు ఇంజన్ అందులో ఎక్కువ భాగాన్ని వేడిగా వృథా చేస్తుంది, మోటారు చేయదు కాబట్టి బండి కొంత దూరమైనా పోగలుగుతోంది. రేసుల్లోనూ ఇదే ఇబ్బంది: డుకాటీ చేసిన ఎలక్ట్రిక్ రేసు బండి 225 కిలోలు, మోటోజీపీ, అంటే గ్రాండ్ ప్రీ పెద్ద తరగతి, పెట్రోలు బండికి కనీస బరువు 157 కిలోలు. 2019లో మొదలైన మోటోఈ అనే ఎలక్ట్రిక్ బండ్ల పందేలు 2025తో ఆగాయి.

నడపడం మాత్రం హాయిగా ఉంటుంది. క్లచ్ లేదు, గేరు లేదు, తిప్పగానే బలం వస్తుంది. చప్పుడు లేకపోతే మజా ఏముందని అడిగేవాళ్లు ఒకసారి చెట్ల మధ్య దారిలో నడిపి చూడండి. టైర్ల సవ్వడీ, పిట్టల అరుపులూ వినిపిస్తాయి.

ఇన్ని మారాక, మారనిది ఏదైనా ఉందా?

మలుపు తిరిగే పద్ధతి. వేగంలో ఉన్న బండి కుడికి తిరగాలంటే హ్యాండిల్ కుడి కొనను ముందుకు తోయాలి. అంటే చక్రం ఒక్క క్షణం ఎడమకు తిరుగుతుంది, బండి కుడికి వాలుతుంది, వాలిన వైపు తిరుగుతుంది. చాలామంది తెలియకుండానే ఇది చేస్తుంటారు. తెలిసి చేస్తే ఎదురుగా గుంత వచ్చినప్పుడు ప్రాణం కాపాడుతుంది. డైమ్లర్ బండికి పక్క చక్రాలు ఉండబట్టి అది వాలలేకపోయింది. ఆ తర్వాత వచ్చిన రెండు చక్రాల బండ్లన్నీ, రాడార్ ఉన్నవాటితో సహా, వాలే తిరుగుతున్నాయి.

పాత బండి ఒకసారి నడిపి చూడాలని ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఖాళీ స్థలంలో మొదలుపెట్టండి. ఎక్కే ముందే గేరు ఏ కాలికి ఉందో, పైకా కిందికా, బండి యజమానిని అడగండి. బ్రేకు ఇప్పటి బండికన్నా చాలా ముందే మొదలుపెట్టాలి. పెట్రోలు ట్యాప్ తెరిచారో లేదో చూడండి. నేను కుడిగేరు బండి మీదికి మారిన ప్రతిసారీ మొదటి పావుగంట కంగారులో బ్రేకనుకుని గేరే తొక్కుతాను. అందుకే ఆ పావుగంట నా ముందు ఎవరూ లేకుండా చూసుకుంటాను.